గట్టు టేకును కోయించు విధములు
(సుల్తానాబాదు ప్రాంతపు రైతులకు ఉద్దేశింపబడిన ఉపన్యాసపాఠము)



సుల్తానాబాదు, పెద్దపల్లి, మంథని ప్రాంతములలో పొలము గట్ల మీద టేకుచెట్లు పెంచుచున్న పట్టాదారులు పెక్కుమంది కలరు. 1963వ సంవత్సరము జూలై 26వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూగారు పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన జలాశయపు నీరు కాకతీయ కాలువ వెంట ఈ వైపునకు వచ్చిన పిదప వరిమళ్లు విస్తరించినవి. మళ్లతోపాటు గట్లును, గట్లతోపాటు వాటిపై చెట్లును పెరిగినవి. చెట్టు పెరుగుటకు ఇరువది ఇరువదియైదు సంవత్సరములు పట్టుచున్నది. దానిని అమ్ముటకు మాత్రము ఒక పూట చాలుచున్నది. కూతురి వివాహమో, బావి తవ్వకమో సమీపించినప్పుడు రైతు షావుకారును పిలుచును. షావుకారు గట్టు వెంట ఒకసారి నడచి, చెట్లను కన్నులతోనే అంచనా వేసి, మొత్తమునకు ఒక ధర చెప్పును. కట్టెకు, కలపకు గల భేదమును రైతు ఎరుగడని కాదు. తన చెట్టులో ఎంత కలప కలదో, దానిని ఎట్లు కోయించిన ఎంత చేతికి వచ్చునో లెక్క తెలియక అతడు ఆ ధరకు తల యూపుచున్నాడు. ఆ లెక్కయే ఈ యుపన్యాసమునకు విషయము.

ముందుగా కొలత సంగతి. కలపవ్యాపారమున దుంగను కొలుచుటకు పూర్వమునుండి వచ్చుచున్న పద్ధతి నాలుగవవంతు చుట్టుకొలత పద్ధతి. దుంగ నడుమ చుట్టుకొలత తీసి, దానిని నాలుగింట భాగించి, వచ్చిన దానిని దానితోనే గుణించి, మరల పొడవుచేత గుణింతురు. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు గల దుంగ యనుకొనుడు. నాలుగవవంతు ఒక అడుగు. ఒకటిని ఒకటిచే గుణించి, పదిచే గుణింపగా 10 ఘనపుటడుగులు. అయితే ఆ దుంగలో నిజముగా నున్న కలప 10 కాదు, దాదాపు 12 ముక్కాలు ఘనపుటడుగులు. మిగిలిన రెండు ముక్కాలు, కోతలో పోవు అంచుచెక్కలకును పొట్టునకును తరుగుగా ఈ పద్ధతి ముందే తీసివేయుచున్నది. కనుక ఈ కొలత పిమ్మట మరల 'కోత తరుగు' అని ఎవరైన అడిగినచో, అది ఒకే తరుగును రెండుసార్లు తీయుటయని రైతు గ్రహింపవలెను. అదే దుంగనుండి నాలుగు వైపుల చెక్కి తీయగల మిక్కిలి పెద్ద చదరపు దూలము పదునొకండు అంగుళములకు కొంచెము తక్కువ చదరము కలదై, సుమారు 8 ఘనపుటడుగులు మాత్రమే యుండును. నిజముగా నున్నది పండ్రెండు ముక్కాలు, లెక్కలో పది, దూలముగా తీసినచో ఎనిమిది: ఒకే చెట్టునకు ఈ మూడు అంకెలును గలవు. బేరములో ఎదుటివాడు ఏ అంకెను పట్టుకొని మాటలాడుచున్నాడో తెలియనిచో రైతు ఏ ధరకును సరియైన జవాబు చెప్పజాలడు.

కొలతలో జరుగు మోసమంతయు టేపు పట్టు చోటనే జరుగును. నడుమ 4 అడుగులున్న ఆ దుంగనే కొనవైపు కొలిచి మూడున్నర అడుగులని వ్రాసికొన్నచో, చుట్టుకొలతలో తగ్గినది ఎనిమిదవ వంతు మాత్రమే. కాని కలప పదినుండి ఏడు ముక్కాలునకు లోపుగా దిగిపోవును, అనగా దాదాపు నాలుగవ వంతు పోయినది. తగ్గిన కొలత తనతోనే గుణింపబడుచున్నందున నష్టము రెట్టింపగుచున్నది. బెరడుతో కొలిచిన కొలతయా, బెరడు తీసిన కొలతయా యనునది కూడ ముందే తేల్చుకొనవలెను. నులకతాడుతో కొలుచుట మంచిది కాదు. అది సాగును, తడిసిన ముడుచుకొనును. ఇనుప టేపు వెల అధికము కాదు.

ఇక కోత విధములు. పాతకాలమున ఈ జిల్లాలో యంత్రపు రంపము లేదు. దుంగను గుంటపైన అడ్డుకొయ్యలమీద ఎక్కించి, ఒకడు మీద నిలిచి, మరియొకడు గుంటలో దిగి, పొడవైన కోతరంపమును పైకి క్రిందికి లాగుచు కోసెడివారు. మసితాడుతో గీత కొట్టి, ఆ గీత వెంబడి పోవుట మీదివాని పని, బలము క్రిందివాని పని, కన్నులలో పొట్టు పడుట కూడ వానిదే. కాజీపేట, బల్హార్షాల నడుమ రైలుమార్గము 1929లో పూర్తియై పెద్దపల్లి, రామగుండముల మీదుగా బండ్లు నడచుటతో కలప దూరదేశములకు పోవుటకు దారి యేర్పడినది. క్రమముగా ఇంజనుతోను, పిమ్మట విద్యుత్తుతోను నడచు మిల్లులు వచ్చి, గుంటకోతగాండ్రు తగ్గిపోయిరి. అయినను ఆ పద్ధతిని నవ్వి త్రోసివేయరాదు. కోతగాడు నేర్పరియైనచో అతని రంపము తినునది అంగుళములో పరకకు, అనగా ఎనిమిదవ వంతునకు, కొంచెము మించును, అంతియే. చెట్టు పడినచోటనే పని జరుగును, బండి కిరాయి లేదు, కరెంటు లేదు. లోపమేమన, ఇద్దరు మనుష్యులు దినమెల్ల చెమటోడ్చి కోసినది మిల్లులో కొలది నిమిషముల పని. నేటి కూలిధరలకు ఆ కోత గిట్టుట అరుదు. మిల్లుబల్లపై ఇమడని మహావృక్షము, బండి పోలేని వాగుగట్టున ఉన్నప్పుడే దాని అవసరము కలుగును.

రెండవది గొలుసు రంపము. పెట్రోలుతో నడచు ఈ చేతియంత్రము చెట్టును నరుకుటకు ఏర్పడినది. దానికి ఒక ఇనుప చట్రము తగిలించి, దుంగపైన ఒక నిచ్చెననో తిన్నని పలకనో దారిగా బిగించి, పొడవునా కోయుట కొన్ని దేశములలో వాడుకలోనున్నది. ఈ పనికి మామూలు గొలుసు పనికిరాదు. అడ్డకోతకు పండ్లను నూరు కోణము వేరు, నిలువుకోతకు వేరు. అడ్డకోత గొలుసుతో నిలువున కోయబోయినవాడు యంత్రమును వేడెక్కించి, పొగ తప్ప పలకను చూడడు. చట్రము లేక చేతిపట్టుతో పలకలు తీయుటకు కొందరు పూనుకొనుచున్నారు. ఆ పలకలు ఒకచోట అంగుళమును, మరియొకచోట అంగుళమున్నరయు నుండి, వడ్రంగి చిత్రికకు సగము ఆహుతియగును.

మూడవది పండ్ల చక్రముతో కోయు గుండ్రరంపము. చిన్న మిల్లులలో వాసములు, రీపర్లు, సైజుకర్రలు చీల్చుటకు అనుకూలము. సన్నని దుంగలకు వేగముగా పనిచేయును. చక్రములో సగమునకు లోపే బల్లకు పైన ఉండును గనుక లావు దుంగను ఒక్కసారిగా కోయజాలదు.

నాలుగవది పట్టీరంపము, వాడుకలో బ్యాండ్ సా యనబడునది. రెండు పెద్ద చక్రములపై బిగించిన ఉక్కుపట్టీ అంచున పండ్లు కలవై ఎడతెగక తిరుగుచుండును. పట్టణములలోని మిల్లులలో ఇదియే ప్రధానము. దుంగ కదలక, రంపపుతలయే పట్టాలమీద ముందుకు నడచు చిన్నరకము కూడ కలదు. దానిని ట్రాక్టరునకు తగిలించి పొలమునకే తీసికొనిపోవచ్చును. విదేశములలో చిన్న తోటల యజమానులు ఇట్టి యంత్రములను విశేషముగా వాడుచున్నారు.

ఈ నాలుగింటికి గల భేదమును ఒక్క లెక్కలో చూపవచ్చును. ఒక దుంగనుండి అంగుళము మందము గల పలకలు పది తీయవలెననుకొనుడు. పది పలకలకు నడుమ తొమ్మిది కోతలు. పట్టీరంపము ప్రతి కోతకు సుమారు పరక అంగుళము తినును: తొమ్మిది కోతలకు ఒక అంగుళము పరక. గుండ్రరంపము సుమారు పావు అంగుళము తినును: రెండుంబావు అంగుళములు. గొలుసు రంపము సుమారు మూడు పరకలు తినును: మూడంగుళముల మూడు పరకలు. కావున గొలుసు రంపముతో కోసిన రైతు, పట్టీరంపముతో కోసినవానికంటె రెండుంబావు అంగుళముల మందము, అనగా రెండు పలకలకు మించిన టేకును పొట్టుగా నేలపాలు చేసికొనుచున్నాడు. అది ఇరువది సంవత్సరముల పెంపకములో అయిదవ వంతునకు సమానము. తుమ్మకో వేపకో ఈ నష్టమును సహింపవచ్చును. టేకునకు సహింపరాదు.

అయితే పొట్టులెక్క ఒక్కటే చూచి తీర్పు చెప్పుట కూడ తప్పు. గట్టుమీది చెట్టు అడవిచెట్టువంటిది కాదు. కొమ్మలు క్రిందినుండియే పోయి, మాను పొట్టిగను వంకరగను, మొదట లావై కొనకు సన్నగిలుచు నుండును. వంకరదుంగను పది అడుగుల పొడవున మిల్లునకు పంపినచో, ఏ రంపముతో కోసినను వంపులో సగము అంచుచెక్కగా పోవును. దానినే వంపు వద్ద రెండు ముక్కలు చేసి, నాలుగైదు అడుగుల కిటికీ చట్టములకు పనికివచ్చునట్లు కోయించినచో నష్టము చాలవరకు తగ్గును. ఏ రంపమా యని ఆలోచించుటకు ముందు, చెట్టును ఎక్కడ తుంచవలెనని ఆలోచించుట మేలు. దర్వాజ చట్టమునకు ఎంత పొడవు కావలెను, తలుపునకు ఎంత, మంచపుపట్టెకు ఎంత అని వడ్రంగిని ముందే అడిగి, ఆ పొడవులకు కోతపోవు వాసి కొంచెము అధికముగా విడిచి తుంచవలెను.

మరియొక చిక్కు ఇనుము. గట్టుచెట్టు కంచెగుంజగా కూడ ఉపయోగపడుచుండును. పదేండ్ల క్రింద దానికి కొట్టిన మేకు, చుట్టిన ముండ్లతీగె, పశువును కట్టిన గొలుసు, బెరడు క్రమ్ముకొని లోపలికి పోయి కనబడకుండును. దుంగ పట్టీరంపము క్రిందికి పోయినప్పుడు అది బయటపడును. పట్టీ పండ్లు విరుగును, ఒకప్పుడు పట్టీయే తెగి ఎగిరి మనుష్యులకు ప్రమాదమగును. అందుచే మిల్లువారు గట్టుకలపను అనుమానముతో చూచెదరు, కొందరు నిరాకరింతురు, కొందరు పట్టీ వెల రైతుమీద వేయుదురు. టేకులో మేకున్నచోట కర్ర చుట్టును నల్లని మచ్చ పట్టును. మొదట రెండు మూడు అడుగులను నునుపు చేసి ఆ మచ్చకై చూచుటయు, అయస్కాంతముతో తడవి చూచుటయు మంచిది. ఇకమీదట చెట్టునకు మేకు కొట్టకుండుట అంతకంటె మంచిది, కాని కంచె వేయునాడు ఎవ్వనికిని ఈ సంగతి స్ఫురింపదు.

లేత టేకులో చేవ తక్కువ, చుట్టునున్న తెల్లకర్ర ఎక్కువ. చేవకు చెదలు త్వరగా పట్టదు, తెల్లకర్రకు పట్టును. పదునైదేండ్ల టేకు పలకను 'టేకే గదా' యని ఇంటికప్పునకు వేసి, అయిదేండ్లకు దాని అంచులు పుచ్చుట చూచి టేకును నిందించువారు కలరు. నిందింపవలసినది తెల్లకర్రను విడదీయని కోతను. చేవభాగమును దర్వాజలకును తలుపులకును వేరుగా తీసి, తెల్లకర్ర కలసిన పలకలను లోపలి బల్లలకు, అరలకు వాడుకొనవలెను. ఈ విధముగ వేరుపరచి కోయుమని చెప్పుటకు రైతు మిల్లువద్ద స్వయముగా నిలిచియుండవలెను. దుంగలు దింపి, సాయంకాలము వచ్చి పలకలు తీసికొనిపోవుదునన్నవానికి మిల్లువాడు తనకు వేగముగా సాగు కోతనే కోయును. అందు వాని తప్పు లేదు.

టేకులో ఇసుకవంటి ఖనిజము కలదు గనుక రంపపు పండ్లు త్వరగా మొద్దుబారును. జామాయిలు, అనగా నీలగిరి, సంగతి వేరు. పెరుగునప్పుడే ఆ మానులో బిగువు నిలిచియుండి, నరకగానే కొనలు నక్షత్రమువలె పగులును, రంపము పోవుకొలది పలక విల్లువలె వంగును. నరికిన పిమ్మట ఆలస్యము చేయక, ఒక వైపునుండియే కాక అటొక పలక, ఇటొక పలకగా మార్చి మార్చి కోసినచో వంపు కొంత తగ్గును. మామిడిదుంగను వర్షాకాలమున నరికి నెలదినములు పడవేసినచో నీలిమచ్చయు పురుగును పట్టును. వారములోపల కోసి, పలకలను బోరాక్సు, బోరికామ్లము కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టుట యుక్తము. నల్లతుమ్మ బండిచక్రములకును నాగళ్లకును పేరుపొందినది. దానిని పచ్చిగా నున్నప్పుడే కోయవలెను. ఎండినచో రంపమునే ఓడించును. పొణికికర్ర మెత్తనిది, తేలికైనది. నిర్మల్ బొమ్మలు చేయువారు కోరునది ఈ కర్రనే.

కలపను చెదలు నుండి రక్షించు మందులలో లోకప్రసిద్ధి చెందినది ఒక తెలుగువాడు కనిపెట్టినది. డెహరాడూన్ అటవీ పరిశోధనాలయమున పనిచేసిన సొంటి కామేశముగారు 1933లో రాగి, క్రోమియము, ఆర్సెనికు లవణములను కలిపి చేసిన ఆ మందు దేశదేశముల స్తంభములకును రైలుదిమ్మలకును వాడబడినది. అందు పాషాణమున్నందున అమెరికాలో 2004నుండి ఇండ్ల పనులకు దాని వాడుక నిలిచిపోయినది. కంచెగుంజలకు తగునే గాని, మనుష్యులు తాకు తలుపులకును, గింజలు పోయు గాదెలకును అది తగదు. అట్టి మందు పూసిన కర్రముక్కలను పొయ్యిలో పెట్టరాదు.

ఇక చట్టము. ఈ భాగము రుచించకపోయినను రైతు దీనిని వినక తప్పదు. ఏలయన, లెక్కలన్నియు సరిచూచుకొని కోయించిన కలప దారిలో పట్టుబడినచో లాభమంతయు అక్కడనే పోవును. పట్టాభూమిలోని చెట్టు రైతుదే యైనను, దానిని నరుకుటకు 2002వ సంవత్సరపు నీరు, భూమి, వృక్షముల చట్టము, అనగా వాల్టా, క్రింద అనుమతి కావలెను. బదులు మొక్కలు నాటు షరతు అందు కలదు. నరికిన కలపను బండిమీద కదలించుటకు 1970నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల క్రింద వేరుగ రవాణాపత్రము కావలెను. కొన్ని జాతుల చెట్లకు మినహాయింపు కలదు గాని ఆ జాబితా అప్పుడప్పుడు మారుచుండును. టేకు అడవిలోను పెరుగును, గట్టుమీదను పెరుగును, పలకను చూచి అది ఎక్కడిదో ఎవ్వరును చెప్పజాలరు. అందుచేతనే టేకు విషయమున కాగితములకు ఇంత పట్టింపు. అటవీ రేంజి కార్యాలయమున ముందుగా విచారించి, పట్టా నకలుతో దరఖాస్తు పెట్టి, నరుకుటకు ముందు చెట్లను చూపి, మొద్దులను విచారణ ముగియువరకు త్రవ్వివేయక యుంచుట క్షేమము.

రంపపుమిల్లు నెలకొల్పుటకు అనుమతిపత్రము ఉండవలెను. 1996 డిసెంబరు 12న గోదావర్మను వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఉత్తర్వు వెలువడిన తరువాత ఈ విషయమున దేశమంతట కట్టుదిట్టములు హెచ్చినవి. 2016లో కేంద్రప్రభుత్వము కలప పరిశ్రమలకు మార్గదర్శక సూత్రములు ప్రకటించి, అనుమతుల పరిశీలనకు రాష్ట్రస్థాయి సంఘములను ఏర్పరచినది. కనుక నలుగురు రైతులు కలసి చక్రముల పట్టీరంపము కొని ఊరూర త్రిప్పి సంపాదింపవచ్చునని ఎవరైన ఆశ చూపినచో, యంత్రపు వెల విచారించుటకంటె ముందు అనుమతి సంగతి అటవీశాఖవారివలన వ్రాతపూర్వకముగ తెలిసికొనవలెను. వ్యవసాయపు మోటారునకిచ్చిన కరెంటుతో రంపము నడపుట 2003నాటి విద్యుచ్ఛక్తి చట్టము 126వ సెక్షను క్రింద అనధికార వినియోగముగ లెక్కింపబడును. ఆ జరిమానా కోతకూలికంటె బరువైనది.

ఇన్నియు చూచిన పిదప, పది ఇరువది చెట్లున్న రైతునకు సొంత యంత్రము అవసరము లేదు. అనుమతితో నడచు సమీపపు పట్టీరంపపు మిల్లులో కోయించుటయే అతనికి తగినది. గొలుసు రంపము నరుకుటకును తుంచుటకును మాత్రమే. దుంగలు ఒక ట్రాక్టరునకు చాలనిచో పొరుగు రైతుతో కలసి ఒకే దినమున పంపినచో కిరాయి సగమగును. ప్రతి దుంగ కొనకు ఎవరి గుర్తు వారు రంగుతో వ్రాసికొనవలెను, లేనిచో మిల్లు ఆవరణలో అన్నదమ్ములకైనను తగవు వచ్చును. కోతకూలి ఘనపుటడుగునకా, గంటకా, అంచుచెక్కలును పొట్టును ఎవరివి యను రెండు ప్రశ్నలు దుంగలు దింపకముందే అడుగవలెను. అంచుచెక్కలు పశువులకొట్టము దడికిని, పొట్టు కోళ్ల క్రింద పరుపునకును పనికివచ్చును. పశువులకొట్టమున పొట్టు వేయునప్పుడు మందు పూసిన కర్ర పొట్టు అందు కలియకుండ చూచుకొనవలెను.

మిల్లునుండి వచ్చిన పచ్చిపలకలను గోడకు చేరవేసి ఎండలో నిలుపుట ఈ ప్రాంతమున తరచుగ కనబడు తప్పు. ఒకవైపు ఎండి, ఒకవైపు పచ్చిగానుండి, పలక దొప్పవలె ముడుచుకొనును. నేలకు అడుగున్నర ఎత్తున సమమైన దిమ్మలు వేసి, పలకకును పలకకును నడుమ అంగుళపు మందము గల ఎండుపుల్లలను రెండేసి అడుగులకొకటి చొప్పున, పై పుల్ల క్రిందిపుల్లకు సరిగా నిలువున వచ్చునట్లు పేర్చి, గాలి తగులు నీడలో ఉంచవలెను. కొనలకు పాత రంగు గాని, తారు గాని పూసినచో పగుళ్లు తగ్గును. మీద బరువులు పెట్టి, వానకు రేకు కప్పవలెను. చైత్రవైశాఖముల వడగాలి తగిలినచో పలకలు త్వరపడి ఎండి పగులును గనుక, ఆ నెలలలో కుప్ప పడమటి వైపున తడక కట్టుట మంచిది.